మాంసమును ఇంటిలో గడ్డకట్టించుట, కరిగించుట, వండుట

ఆదివారము తెల్లవారుజామున ఊరిలో మేకను కోసి పోగులు వేయుదురు. ఇద్దరే మనుష్యులున్న ఇంటికి కూడ ఒక్కొక్కప్పుడు కిలోన్నర మాంసము వచ్చును. మునుపు దానిని ఆ పూటకే వండుకొనవలసి వచ్చెడిది. మిగిలినది ఇరుగుపొరుగునకు ఇచ్చుటయో, ఉప్పు పసుపు పట్టించి త్రాళ్లపై ఎండబెట్టి తునకలు చేసికొనుటయో జరిగెడిది. ఇప్పుడు పల్లెలలో కూడ చాల ఇండ్లకు ఫ్రిజ్జు వచ్చినది. మిగిలిన మాంసము నల్ల సంచితో సహా దాని మంచు అరలోనికి పోవుచున్నది. పది దినముల తరువాత అల్లుడో, ఆడబిడ్డయో వచ్చిన నాడు ఆ సంచి బయటికి వచ్చుచున్నది.

సంచి లోనికి పోవుటకు ముందు ఎంతసేపు బయట నున్నది? బయటికి వచ్చిన పిదప పొయ్యి ఎక్కువరకు ఎంతసేపున్నది? ఈ రెండు ప్రశ్నలను ఎవరును వేసికొనుట లేదు. "ఫ్రిజ్జులో పెట్టాం గదా, ఏమవుతుందిలే" అనుటయే వాడుక. ఇంటిల్లిపాదికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నప్పుడు కారణము తరచు ఆ రెండు వ్యవధులలోనో, లేక వండిన కూర రాత్రియంతయు పొయ్యి ప్రక్కన ఉండిపోయిన వ్యవధిలోనో దొరకును. ఫ్రిజ్జు చెడి జబ్బు వచ్చుట కంటె, ఫ్రిజ్జు బయట జరిగిన ఆలస్యము వలన జబ్బు వచ్చుటయే మనకు ఎక్కువ.

చలి క్రిమిని చంపదు

మాంసములో నూటికి సుమారు 75 పాళ్లు నీరు. సూక్ష్మజీవులు బ్రతుకుటకు ఆ నీరు కావలెను. మన పెద్దలు తునకలను ఎండబెట్టి ఆ నీటిని వెళ్లగొట్టెడివారు. గడ్డకట్టించునప్పుడు నీరు బయటికి పోదు గాని మంచై బిగిసికొనును, క్రిములకు అందదు. రెండింటి మర్మమును ఒక్కటియే. అయితే గడ్డకట్టిన మాంసములోని క్రిములలో చాల భాగము చావక నిద్రించును. మంచు కరుగగనే మేల్కొని, విడిచిన చోటి నుండి తమ పనిని మరల ప్రారంభించును. పంది మాంసములోని బద్దెపురుగు తిత్తుల వంటివి గట్టి చలిలో కొన్ని దినములకు చచ్చుమాట నిజమే. ఇంటి ఫ్రిజ్జును నమ్ముకొని ఉడికీ ఉడకని మాంసమును మాత్రము తినరాదు.

తగిన వెచ్చదనము దొరికినచో కొన్ని క్రిములు 20 నిమిషములకు ఒకమారు రెట్టింపగును. ఒక్క క్రిమి గంటకు 8, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096, ఏడు గంటలకు 20 లక్షలకు పైగా అగును. బడికి పోవు పిల్లవాని చేత లెక్క వేయించి చూచుకొనవచ్చును. ఈ పెరుగుదల 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల నడిమి వేడిమిలో జరుగును. కావున మాంసము పచ్చిదైనను, వండినదైనను ఈ నడిమి వేడిమిలో రెండు గంటలకు మించి ఉండరాదు. గాలి వేడిమి 32 డిగ్రీలు దాటినప్పుడు గడువు ఒక్క గంటయే. రెంటచింతలలోనో, రామగుండములోనో మే నెల మధ్యాహ్నము ఏ వంటయిల్లు 32 డిగ్రీలకు లోబడి యుండును? మన ప్రాంతములలో ఏటికి అనేక మాసములు ఆ ఒక్క గంట లెక్కయే వర్తించును.

ఆ గడువు విడివిడిగా కాక మొత్తముగా లెక్కకు వచ్చుననుట మరువరాదు. అంగడి బల్లమీద అరగంట, సైకిలు మీద ఇరువది నిమిషములు, ఇంటికి వచ్చి మాటలలో పడి మరియొక అరగంట అయినచో వేసవి గడువు అప్పటికే దాటినది.

కోసినది మొదలు మంచు అర వరకు

జబ్బు చేసిన పశువును, చచ్చిన పశువును కోయరాదు. దొమ్మరోగమని మనవారు పిలుచు ఆంత్రాక్సు బీజములు చలికి చావవు, మామూలు వంటకు కూడ పూర్తిగా లొంగవు. కోసిన వారి చేతులకే పుండ్లు లేచును. అట్టి పశువును కోయక, చర్మము ఒలువక, పశువైద్యునికి కబురు చేయవలెను. చవుకగా వచ్చినదని పోగు తీసికొనువారు ఈ ఒక్క మాటను గట్టిగా గుర్తుంచుకొనవలెను. మిగిలిన తప్పులకు దిద్దుబాటు కలదు గాని దీనికి లేదు.

మాంసమునకు పోవునప్పుడు మూత గల స్టీలు క్యాను తీసికొని పోవుట మంచిది. నల్ల సంచులు ఆహారము కొరకు చేసినవి కావు. సంతలో పనులన్నియు ముగించుకొని చివరకు మాంసము కొనవలెను. మొదట కొని, ఎరువుల కొట్టు దగ్గర వరుసలో నిలువబడుట మన అలవాటు. దానిని తిరుగవేయవలెను.

కోడిమాంసమును పంపు క్రింద పెట్టి కడుగునప్పుడు తుంపరలు చుట్టుప్రక్కల గిన్నెలపై, తరిగిన కొత్తిమీరపై పడును. క్రిములు ఆ దారిన ఉడకని పదార్థములకు చేరును. ఉప్పు, పసుపు వేసి ఎన్ని నీళ్లు మార్చినను అవి పూర్తిగా పోవు. వంట వేడికే పోవును. కడుగకయే వండుట మేలని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన ఇండ్లలో ఇది అందరు ఒప్పుకొనరని మాకు తెలియును. కడిగి తీరవలెనన్నచో వెడల్పు గిన్నెలో నీరు పోసి, మెల్లగా కదిపి, ఆ నీటిని చిందకుండ పారబోసి, గిన్నెను, తొట్టిని, కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుగవలెను. ఆ పీటమీద, కడుగకుండ, ఉల్లిపాయ తరుగరాదు.

అప్పుడే కోసిన మాంసమును వెంటనే గడ్డకట్టించినచో కరుగునప్పుడు కండరములు ముడుచుకొని, రసము కారిపోయి, ముక్క రబ్బరువలె సాగును. "ఫ్రిజ్జు మాంసము రుచి ఉండదు" అను అపవాదునకు కొంత కారణము ఇదియే. మాంసమును ముందు మూత గిన్నెలో పెట్టి ఫ్రిజ్జులోని క్రింది అరలో ఒక రాత్రి ఉంచి, మరునాడు పై అరకు మార్చవలెను. క్రింది అర వేడిమి 4 డిగ్రీలకు మించరాదు. పచ్చి మాంసము ఎప్పుడును అట్టడుగుననే ఉండవలెను. పైన ఉన్నచో దాని నీరు క్రిందనున్న పెరుగు గిన్నెలోనికి కారును.

ఇక పొట్లముల సంగతి. ఈ వ్యాసములో ఒక్కటే ఆచరించుదుమనువారు దీనిని ఆచరించవలెను: మాంసమును ముద్దగా కాక పలుచని పలకలుగా గడ్డకట్టించవలెను. పూటకు సరిపడు పావుకిలో, అరకిలో చొప్పున ఆహారమునకు పనికివచ్చు సంచులలో వేసి, గాలిని చేతితో ఒత్తి వెళ్లగొట్టి, రెండు వ్రేళ్ల మందమునకు మించకుండ పరచి, మంచు అర అడుగు లోహమునకు ఆనించి పెట్టవలెను. గడ్డకట్టిన పిదప పుస్తకములవలె నిలువుగా పేర్చుకొనవచ్చును. పలుచనిది త్వరగా గడ్డకట్టును. త్వరగా కట్టిన మంచు కణికలు సన్ననివి; అవి కండను చీల్చవు. మెల్లగా కట్టిన మంచు కణికలు పెద్దవై కండ గదులను పగులగొట్టును, కరుగునప్పుడు ఎఱ్ఱని నీరు కారును, ఆ నీటితో రుచియు పోవును. పలుచనిది కరుగుట కూడ త్వరగా కరుగును. కిలోన్నర ముద్దకు ఈ గుణములలో ఒక్కటియు లేదు. పైగా దానిని విడగొట్టుటకు కత్తితో, రోకలిబండతో నానా యాతన పడి చేతులు కోసికొనువారు కలరు.

పొట్లముపై తేదీ వ్రాయవలెను. నెల దాటిన తరువాత అది తలకాయ కూరయో, కార్జమో యజమానురాలికి కూడ గుర్తుండదు.

మంచు అరలన్నియు ఒకటి కావు. కొన్నింటి తలుపుపై చిన్న నక్షత్రపు గుర్తులుండును. ఒక నక్షత్రమున్నచో మైనస్ 6 డిగ్రీలు, రెండున్నచో మైనస్ 12, మూడున్నచో మైనస్ 18 డిగ్రీలు. వరుసగా సుమారు ఒక వారము, ఒక నెల, మూడు నెలలు మాంసము నిలువ చేయవచ్చును. విద్యుత్తు పొదుపును తెలుపు చీటీపై ఉండు నక్షత్రములు వేరు. వానిని చూచి మోసపోరాదు. ఏ గుర్తును లేనిచో ఐస్‌క్రీము పెట్టి చూడుడు. అది రాయివలె గట్టిపడక మెత్తగా నున్నచో ఆ అర మైనస్ 18కి చేరుట లేదని తెలిసికొని, వారములోపలనే మాంసమును వాడుకొనవలెను. మైనస్ 18లో ఎడతెగక ఉన్న మాంసము జబ్బు చేయదు గాని రుచి తగ్గును: ఖీమా, కార్జము మూడు నాలుగు నెలలకు, కోడి ముక్కలు తొమ్మిది నెలలకు, మేకమాంసపు పెద్ద ముక్కలు అంతకు కొంత ఎక్కువకు. 1882లో న్యూజిలాండు నుండి డనీడిన్ అను తెరచాప ఓడ సుమారు 5,000 కళేబరములను, వానిలో అత్యధికము గొర్రెలవి, గడ్డకట్టించి భూమధ్యరేఖ దాటి 98 దినములలో లండను చేర్చినది. మాంసము చెడలేదు, మంచి ధర పలికినది. ఆ దేశపు గొర్రెల కాపరుల బ్రతుకు ఆ ఓడతో మారినది. దారి పొడుగునను చలి విడువకుండ ఉండుటయే అందలి కిటుకు.

మాంసముపై తెల్లగానో బూడిదరంగుగానో ఎండిన మచ్చలు కనబడినచో గాలి తగిలినదని అర్థము. అవి విషము కావు. కోసివేసి మిగిలినది వండుకొనవచ్చును.

కరిగించుటలోనే ప్రమాదము

మిరప కోతల దినములలో ఒక ఇంట మేము చూచిన సంగతి ఇది. ఆ ఇల్లాలు తెల్లవారుజామున నాలుగింటికే మాంసపు ముద్దను తీసి వంటగట్టుపై పళ్లెములో పెట్టి చేనికి పోయెడిది. పదకొండింటికి తిరిగి వచ్చి వ్రేలితో నొక్కి చూచి, "ఇంకా లోపల గడ్డే ఉంది, మంచిదే" అనుకొనెడిది. లోపలి గడ్డను చూచి ఆమె ధైర్యపడెను. కాని క్రిములు ఎక్కువగా ఉండునది ముద్ద పైభాగమున. లోపల మంచు ఉండగనే పైభాగము గది వేడిమికి వచ్చి గంటలు గడచినవి. పైన చెప్పిన ఏడు గంటల లెక్కను ఇక్కడ వేసి చూడుడు. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. వ్రేలికి తెలియు సంగతి వేరు, క్రిమికి తెలియు సంగతి వేరు.

వంటగట్టుపై, ఎండలో, వేడినీటిలో మాంసమును కరిగించరాదు. అన్నింట మేలైన పద్ధతి ఫ్రిజ్జు క్రింది అరయే. రేపటి కూరకు ఈ రాత్రియే పొట్లమును గిన్నెలో పెట్టి క్రిందికి దింపవలెను. పలుచని అరకిలో పలక మరునాటికి విడును. రెండు కిలోల నిండు కోడికి పూర్తిగా ఒక దినము, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ పట్టును. ఇట్లు కరిగిన కోడిమాంసమును, ఖీమాను, కార్జమును ఒకటి రెండు దినములలో, మేకమాంసపు ముక్కలను మూడు నుండి ఐదు దినములలో వండవలెను. చేనికి పోవు ఇల్లాలికి ఇదియే తగినది. ఆమె ఊరిలో లేని ఏడు గంటలును మాంసము చలిలోనే ఉండును.

తొందర ఉన్నచో చల్లని నీటిలో కరిగించవచ్చును. పొట్లములోనికి నీరు దిగకుండ గట్టిగా కట్టి, నీటిలో ముంచి, అరగంటకొకమారు నీరు మార్చవలెను. అరకిలో పలక గంటలోపల విడును. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చలి దేశములలో కొళాయి నీరు సహజముగనే చల్లన. మన మిద్దెపై తొట్టి నీరు మే నెలలో స్నానమునకే కాగి యుండును. ఆ నీటిలో ముంచుట, వంటగట్టుపై పెట్టుట కంటె ఏమియు మేలు కాదు. కుండనీరు కొంత నయము గాని అదియు చాలదు. అందులో మంచు ముక్కలు వేయవలెను. ఇట్లు కరిగించిన మాంసమును వెంటనే వండవలెను. మైక్రోవేవ్ పొయ్యిలో కరిగించినదియు అంతే, ఏలయన దాని అంచులు అప్పటికే వెచ్చబడి యుండును.

రాత్రి దింపుట మరచినచో కంగారు పడనక్కరలేదు. పలుచని పలకను మంచుతోనే మరుగు పులుసులోనికి వేయవచ్చును. సుమారు ఒకటిన్నర రెట్లు కాలము పట్టును, అంతే. ముక్కలు విడగనే గరిటెతో విడదీసి, అన్నింటికిని ఉడుకు తగులునట్లు చూడవలెను. దమ్ము బిరియానీకి, నూనెలో వేపుటకు మాత్రము ఈ సదుపాయము లేదు. వానికి మాంసము ఎముక వరకు పూర్తిగా కరిగియే తీరవలెను. పెరుగు, కారము పట్టించి నానబెట్టుట కూడ ఫ్రిజ్జులోనే జరుగవలెను.

ఫ్రిజ్జులో కరిగిన మాంసమును, వండుట పడనిచో, తిరిగి గడ్డకట్టించవచ్చును. రుచి కొంత తగ్గును. నీటిలోనో, మైక్రోవేవులోనో కరిగినదానిని వండిన తరువాతనే మరల మంచు అరలో పెట్టవలెను. బయట గడువు దాటి ఉన్నదానిని రెండును చేయరాదు, పారవేయవలెను. కిలో మాంసము ధర తలచుకొన్నచో ఇది కష్టముగనే తోచును. ఆసుపత్రిలో ఒక రాత్రికి అయ్యెడి ఖర్చును ప్రక్కన వేసి చూచుకొనుడు.

కరెంటు పోయినప్పుడు

తలుపు తెరువరాదు. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగము నిండినది 24 గంటలు చలిని నిలుపుకొనును. చిన్న ఫ్రిజ్జుల మంచు అరకు అంత శక్తి లేదు. క్రింది అరలు నాలుగు గంటలకు మించి ఆగవు. గాలివానలు వచ్చు అక్టోబరు, నవంబరు మాసములలో కోస్తా జిల్లాల వారు మంచు అరలో ఖాళీ లేకుండ నీటి సీసాలను, పైన కొంత వెలితి ఉంచి, గడ్డకట్టించి పెట్టుకొనుట మంచిది.

ఊరికి పోయి వచ్చునప్పటికి కరెంటు ఎంతసేపు పోయినదో తెలియుట ఎట్లు? చిన్న గ్లాసులో నీరు గడ్డకట్టించి, దానిపై ఒక రూపాయి బిళ్ల పెట్టి మంచు అరలోనే ఉంచి పొండు. తిరిగి వచ్చునప్పటికి బిళ్ల పైననే ఉన్నచో మంచు కరుగలేదు. అడుగున చేరి దానిపై మంచు కట్టి యున్నచో అంతయు కరిగి మరల గడ్డకట్టినదని తెలియవలెను. అట్టి మాంసము చూచుటకు బాగుగనే ఉండును, వాసన కూడ రాకపోవచ్చును. అయినను వాడరాదు. జబ్బు చేయు క్రిములకు వాసన ఉండవలెనను నియమము లేదు.

వంటలోను, వంట తరువాతను

కోడిమాంసము ఎముక దగ్గర 74 డిగ్రీలు, ఖీమా నడుమ 71 డిగ్రీలు చేరవలెను. గుచ్చి చూచు వంట థర్మామీటరు ఇప్పుడు కొద్ది ధరకే దొరకుచున్నది. మరుగుచున్న పులుసులో చిన్న ముక్కకు ఈ వేడి సులభముగనే అందును, కుక్కరులో ఇంకను సులభము. చిక్కంతయు తొడ ముక్కలను నూనెలో వేపునప్పుడు, నిప్పులపై కాల్చునప్పుడు వచ్చును. పైన మాడి, లోపల చల్లగా ఉండును. రంగును నమ్మరాదు. గడ్డకట్టించిన కోడి ఎముక ప్రక్కన బాగుగ ఉడికిన తరువాత కూడ నల్లగానో, ఎఱ్ఱగానో కనబడును. మూలుగలోని రంగు బయటికి వచ్చుటయే దానికి కారణము. అట్లే తెల్లబడిన మాంసమంతయు ఉడికినట్లు కాదు.

పెండ్లిండ్లలో, తద్దినపు భోజనముల మరునాడు వేయు విందులలో పెద్ద గుండిగల కూర రాత్రియంతయు మూతతో ఉండిపోవును. కొన్ని క్రిముల బీజములు ఉడుకునకు చావవు. కూర మెల్లగా చల్లారుచుండగా అవి మొలకెత్తి ఆ గుండిగ నడుమనే వృద్ధి పొందును. వడ్డించువారి చేతి పుండ్ల నుండి, ముక్కుల నుండి చేరు మరియొక జాతి క్రిములు కూరలో విషమును పుట్టించును. క్రిములు చచ్చినను ఆ విషము ఉడుకునకు విరుగదు. "పొద్దున్నే మళ్లీ మరిగించాం" అనుట ఇందుచేతనే చాలదు. మిగిలిన కూరను వెంటనే వెడల్పాటి, లోతు లేని పళ్లెములలోనికి పంచి, చల్లని నీటి తొట్టిలో నిలిపి ఆరబెట్టి, రెండు గంటలలోపల, వేసవిలో గంటలోపల, ఫ్రిజ్జులో పెట్టవలెను. బిరియానీ అన్నమునకును ఇదియే పద్ధతి. మూడు నాలుగు దినములలో తినవలెను. తినబోవునంత మాత్రమే తీసి పొగలు వచ్చునట్లు, నడుమ కూడ 74 డిగ్రీలు చేరునట్లు కాచుకొనవలెను. ఒకే గిన్నెను దినమునకు రెండు మారులు బయటికి తీసి కాచి మరల లోన పెట్టుట పనికిరాదు.

పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, మధుమేహము గలవారు ఈ జబ్బులకు త్వరగా లొంగుదురు. వాంతులు, విరేచనములు పట్టినచో ఆసుపత్రి పొట్లముల ఉప్పు పంచదార ద్రావణమును కొంచెము కొంచెముగా త్రాగించుచుండవలెను. మలములో నెత్తురు పడినను, జ్వరము హెచ్చినను, బిడ్డ మూత్రము తగ్గి మగతగా ఉన్నను ఆలస్యము చేయక వైద్యుని వద్దకు తీసికొనిపోయి, ఏమి తిన్నది, ఎప్పుడు తిన్నది చెప్పవలెను. అనుమానము గల కూరను కుక్కకు గాని, కోళ్లకు గాని వేయక దూరముగా లోతైన గుంట తీసి పూడ్చవలెను.